వైద్యుని చేతి రంపము

కంప్యూటర్ తెరపై ఆడు తుపాకి యుద్ధక్రీడలలో ప్రాణములు తీయువానికే పేరు వచ్చును. ప్రాణములు నిలుపువానిని తలచువారు తక్కువ. వాల్వ్ సంస్థ 2007లో వెలువరించిన ‘టీమ్ ఫోర్ట్రెస్ 2’లో అట్టివాడు మెడిక్, అనగా వైద్యుడు. ఇతని ఉపకరణము గాయములను మాన్పుచు, మాన్పినకొలది ఒక శక్తిని కూడబెట్టును. దానిని ‘ఊబర్‌ఛార్జ్’ అందురు. అది నిండిన పిదప ప్రయోగించినచో వైద్యునికిని, అతడు కాచు వీరునికిని 8 సెకనులపాటు గుండ్లు తగిలినను ప్రాణహాని యుండదు. ఎదిరిపక్షపు వ్యూహము చెదరునది తరచు ఆ 8 సెకనులలోనే.

గాయపడినవారికి ఎడతెగక చికిత్స చేసినను ఆ శక్తి నిండుటకు 40 సెకనులు కావలెను. 2008 ఏప్రిల్‌లో వచ్చిన ‘ఊబర్‌సా’ అను రంపము ఒక్క వ్రేటుతో నాల్గవవంతు నింపును. 10 సెకనుల చికిత్సకు అది సాటి! పాత రంపముకంటె విసరు వేగము ఐదవవంతు తక్కువగుటయే దాని లోపము.

ఈ లాభము చూచి క్రొత్త ఆటగాడు చికిత్స మాని శత్రువు వెంట పరుగిడును. రంపము చేతనున్నంతసేపు అతడు ఎవరి గాయమును మాన్పజాలడు. అతని ప్రాణబలము 150 మాత్రమే. కూలెనా, కూడబెట్టిన శక్తి యంతయు పోవును. ముప్పాతిక నిండియుండగా ఇట్లు కూలిన వైద్యునిగూర్చి జట్టువారు పలుకు పలుకులు రేడియోలో చెప్పదగినవి కావు.

మరి రంపమెప్పుడు? శత్రువు తానై మీదికి వచ్చి, తప్పుకొను దారి లేనప్పుడు. తరుముకొని వచ్చు స్కౌట్ ప్రాణబలము సాధారణముగా 125. ఒక్కొక్క వ్రేటు 65. మలుపు చాటున నిలిచి, వాడు తిరిగిన క్షణమున కొట్టవలెను. రెండు తగిలినచో వాడు పడును, సగము శక్తియు చేరును. ముప్పాతిక ముందే నిండియున్నచో ఒక్క వ్రేటే చాలును. వెంటనే రంపము దించి, చికిత్సోపకరణము చేతబట్టి, ముందు పోరాడుచున్న వీరునివైపు తిరుగవలెను.