నాలుగు నెలల ఇల్లు



ఇల్లు అనగానే మనకు గుర్తొచ్చేవి గోడలూ, గుమ్మాలూ, గడపకు పసుపూ, పెరట్లో కరివేపాకు చెట్టూను. కాపురానికి వచ్చిన నాటినుంచి నేను ఒక్క ఇంట్లోనే ఉన్నాను. మా వినుకొండలో మా వీధి ఆడవాళ్ళం చాలామందిమి అంతే. అటువంటి దాన్ని మొన్న ఫిబ్రవరిలో తొమ్మిది రోజులపాటు, నాలుగు నెలల కోసం అద్దెకు తీసుకున్న ఒక మేడమీది గదిలో ఉండి వచ్చాను. ఆ గది మా అమ్మాయిది. ఊరు భీమిలి, అదే భీమునిపట్నం. ఒకప్పుడు వేరే ఊరు, ఇప్పుడు విశాఖపట్నం నగరంలో కలిసిపోయింది.

మా అమ్మాయికి ఇరవైమూడేళ్ళు, కంప్యూటరు ఉద్యోగం. 2020లో కరోనా వచ్చాక ఇంటినుంచి పనిచేయడం మొదలైంది కదా, వాళ్ళ ఆఫీసులో ఆ పద్ధతి ఇంకా ఉంది. ఇంటినుంచి అంటే మా ఇంటినుంచి అనుకున్నాం మేము. అది మాత్రం వీపుకు తగిలించుకునే సంచీ ఒకటి కొనుక్కుని హంపిలో కొన్నాళ్ళు, గోకర్ణంలో కొన్నాళ్ళు, పుదుచ్చేరిలో కొన్నాళ్ళు ఉంటూ వచ్చింది. ఇలా తిరిగేవాళ్ళను బ్యాక్‌ప్యాకర్లు అంటారట. సంచీ తూకం వేశాను, పదకొండు కిలోలు. పెళ్ళినాడు నాతో వచ్చిన ఇత్తడి బిందె, కాగు, రెండు గంగాళాలు తలుచుకుని నవ్వొచ్చింది.

తిరగడం మనకు కొత్తదేమీ కాదు లెండి. ఏనుగుల వీరాస్వామిగారు 1830లో మద్రాసులో బయలుదేరి కాశీ వెళ్ళి, మళ్ళీ 1831లో ఇల్లు చేరారు. ఆయన వెంట డేరాలూ, బోయీలూ, పెద్ద పరివారమూ ఉంది. మన గుంటూరులో పుట్టిన నాయని కృష్ణకుమారిగారు కాశ్మీరం వెళ్ళొచ్చి ‘కాశ్మీర దీపకళిక’ అని పుస్తకమే రాశారు. కానీ పుస్తకంలో చదవడం వేరు, మన పిల్ల ఒక్కతీ సంచీ వేసుకుని బస్సెక్కడం వేరు.

ఇంతకీ నేను వెళ్ళింది దాని ఇల్లు సర్దిపెట్టడానికి కాదు. దాన్ని తీసుకురావడానికి. నరసరావుపేట వైపునుంచి ఒక సంబంధం వచ్చింది. పిల్లవాడు బుద్ధిమంతుడు, కట్నాల మాట ఎత్తలేదు. పెళ్ళిచూపులకు రమ్మని ఫోను చేస్తే, “ఏప్రిల్ నెల మధ్యదాకా ఇక్కడే ఉంటానన్నాను కదమ్మా” అంది. మావారు, “నువ్వెళ్ళి తీసుకురా, నీ మాటైతే వింటుంది” అన్నారు. సరేనని గుంటూరు వెళ్ళి రైలెక్కాను. అయిదు కిలోల కొత్త కారం, మా పత్తితో కుట్టించిన చిన్న పరుపూ, ఒక దిండూ వెంట తీసుకెళ్ళాను. తీసుకురావడానికి వెళ్ళేదానికి పరుపెందుకని మీరడగవచ్చు. పిల్ల ఎన్నాళ్ళుగానో కటిక నేలమీద పడుకుంటోందని తల్లికి తెలిశాక చెయ్యి ఊరుకోదండీ.

విశాఖనుంచి భీమిలికి బస్సు రుషికొండ మీదుగా సముద్రం పక్కనే పోతుంది. దారిలో ఎర్రమట్టి దిబ్బలు వస్తాయి. మా పల్నాడు నేలల ఎరుపు కాదది, ఇంకా ముదురు. అమ్మాయి బస్సుస్టాండుకొచ్చి నా మూటలు చూసి, “అమ్మా, ఇవన్నీ వెళ్ళేటప్పుడు ఎవరు మోస్తారు?” అంది. నేను జవాబు చెప్పలేదు.

గది చిన్నదే. పైన రేకులు, ముందు కాస్త డాబా, ఆ డాబామీదినుంచి సముద్రం. గదిలో ఒక చాప, ఒక బల్ల, అయిదు కిలోల చిన్న గ్యాసు సిలిండరు, రెండు గిన్నెలు, రెండు కంచాలు. రెండో కంచం ఎవరికని అడిగాను. “నువ్వు ఎప్పటికైనా వస్తావని” అంది. ఆ చిన్న సిలిండరు సంగతి మీకూ పనికొస్తుంది. గుర్తింపు కార్డు చూపిస్తే ఇస్తారు, సొంత చిరునామా ఆ ఊళ్ళో ఉండనక్కరలేదు. చదువులకు వెళ్ళిన పిల్లలకు చాలా సదుపాయం.

మొదటి రెండు రోజులూ నాకు సముద్రంతో యుద్ధమే అయింది. మా ఊళ్ళో కళ్ళంలో ఎండిన మిరపకాయ చేత్తో కదిపితే గలగలమనాలి. అలా ఎండిన కాయ పట్టించి తెచ్చిన కారం రెండో రోజుకే డబ్బాలో ముద్ద కట్టింది. ఉప్పు సీసాలో ఉప్పు చెమర్చింది. సముద్రపు గాలిలో సన్నటి ఉప్పు రేణువులుంటాయి, అవి తడిని పీల్చుకుంటాయి. కిటికీ గొళ్ళెం తుప్పు, తలుపు బందులు తుప్పు, సబ్బుపెట్టె కింద మేకు తుప్పు. పరుపైతే పొద్దున్న ఎండలో వేసి, ఎండ వాలకముందే లోపల పెట్టాలి. సాయంత్రందాకా ఉంచితే వేసిన శ్రమంతా వృథా. కారాన్ని చిన్న చిన్న సీసాల్లోకి పోసి, గట్టిగా మూత బిగించి, ఒక్క సీసానే వాడుతూ ఉండమన్నాను. ఉప్పులో నాలుగు బియ్యపు గింజలు వేశాను.

ఇంకొకటి, కందిపప్పు ఉడకలేదు. పాత పప్పు అంటగట్టాడని కొట్టువాణ్ణి తిట్టుకున్నాను, పాపం. తప్పు నీళ్ళది. బోరునీళ్ళు కరకర ఉప్పు. సముద్రం దగ్గర బోర్లతో నీళ్ళు ఎక్కువగా తోడితే ఉప్పునీరు భూమిలోపలినుంచి లోనికి వస్తుందట. కుళాయినీళ్ళు పట్టి పోస్తే అదే పప్పు చక్కగా ఉడికింది.

ఇంటిగలావిడ డెబ్బై దాటిన పెద్దమనిషి. రిటైరైన టీచరు, భర్త పోయారు, పిల్లలు దూరాన ఉన్నారు. మూడో రోజున కాఫీకి పిలిచారు. ఆ కాఫీ తాగుతూండగా నాకు తెలియని సంగతి ఒకటి బయటపడింది. మా అమ్మాయి డిసెంబరులో ఆ ఊరొచ్చి ఈవిడ దగ్గరికి రాకముందు నాలుగిళ్ళు అడిగిందట. ఒకచోట, “ఒంటరి ఆడపిల్లకు ఇవ్వం” అన్నారు. ఒకచోట, “మీ నాన్నగారిని తీసుకురా” అన్నారు. ఇంకోచోట, “మీరేమిట్లు?” అని అడిగి, చెప్పాక కూడా, చూస్తామన్నారు. నాలుగో ఇంట్లో ఇస్తామన్నారు గానీ రాత్రి ఎనిమిదికి గేటు వేసేస్తామన్నారట. దాని పని రాత్రి పదింటిదాకా ఉంటుంది. “సంచీ వీపునే ఉంది, ముఖం వాడిపోయింది, మంచినీళ్ళిమ్మని అడిగింది. నీళ్ళిచ్చి గది కూడా ఇచ్చాను” అన్నారావిడ.

“మీకు భయం వెయ్యలేదా పిన్నిగారూ?” అన్నాను.

“నాకెందుకమ్మా భయం? 2014 అక్టోబరులో హుద్‌హుద్ తుఫాను వచ్చిన రోజు ఈ ఇంట్లో ఒక్కదాన్నే ఉన్నాను. పైనున్న పాత రేకులు ఎగిరి ఎక్కడ పడ్డాయో తెలియదు. కరెంటు ఎన్నాళ్ళు లేదో. ఒక్కత్తె ఉండడమంటే ఏమిటో నాకు తెలుసు” అన్నారు.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. పిల్ల నాకు చెప్పలేదని కాదు. మా ఇంటి వెనక వాటా సంగతి గుర్తొచ్చింది. రెండేళ్ళ క్రితం, మా ఊళ్ళో ఉద్యోగానికి వచ్చిన ఒక అమ్మాయి సరిగ్గా అలాగే సంచీతో మా గుమ్మంలో నిలబడింది. “ఫ్యామిలీకే ఇస్తామమ్మా” అని పంపేశాను. మంచినీళ్ళు కావాలా అని కూడా అడిగిన గుర్తు లేదు. మహాకవి జాషువాగారు 1895లో మా వినుకొండలోనే పుట్టారు. కులం పేరుతో ఆయన పడ్డ అవమానాల గురించి స్టేజీలెక్కి మాట్లాడతాం, నేనూ మాట్లాడాను. ఇంటి తాళాలు చేతిలో ఉన్నప్పుడు మాత్రం మన మాట వేరేగా ఉంటుంది.

అద్దె కాగితం సంగతి కూడా ఇక్కడే చెబుతాను. తెలిసినవాళ్ళే గదా అని నోటిమాటతో ఊరుకోకుండా అమ్మాయి కాగితం రాయించింది. అద్దె ఎంత, అడ్వాన్సు ఎంత, ఖాళీ చేసేటప్పుడు ఎన్నాళ్ళ ముందు చెప్పాలి, కరెంటు బిల్లు ఎవరిది, అన్నీ అందులో ఉన్నాయి. ఎక్కడ చూసినా పదకొండు నెలలకే ఎందుకు రాస్తారో నాకు ఇన్నాళ్ళూ తెలియదు. ఏడాదికి మించిన గడువుండే అద్దె పత్రాన్ని 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం ప్రకారం తప్పనిసరిగా రిజిస్టరు చేయించాలి, అందుకని. రిజిస్టరు కాకపోయినా కాగితం కాగితమే, రేపు అడ్వాన్సు దగ్గర తగువు రాకుండా ఉంటుంది. గోడమీది పగుళ్ళూ, తుప్పు పట్టిన గొళ్ళేలూ చేరిన రోజే ఫోటో తీసి ఉంచుకుంది. నా కూతురికి ఇంత లౌక్యం ఎక్కణ్ణుంచి వచ్చిందో!

ఒడ్డుకు సాయంత్రాలు వెళ్ళేవాళ్ళం. చేపలమ్మే ఒకావిడతో దానికి స్నేహం. నన్ను చూసి, “ఏటమ్మా, నువ్వా గుంట తల్లివా? బాగా సన్నంగుంది, తిండెట్టు” అంది. మా ఊళ్ళో మాకు తెలిసినవి చెరువు చేపలే, బొచ్చెలూ శీలావతులూను. ఆవిడ చందువా ఎలా కోయాలో కూర్చుని చూపించింది. మా కారంతో పులుసు పెడితే ఇంటిగలావిడ కళ్ళనీళ్ళు పెట్టుకుని కూడా రెండోసారి వడ్డించుకున్నారు. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, చేపలు గుడ్లు పెట్టే కాలమని, మర పడవలకు సముద్రంలో వేట నిషేధం. అరవై ఒక్క రోజులు. అమ్మాయి కూడా అప్పటిదాకానే ఉంటానని లెక్క వేసుకుంది. “పడవలు ఒడ్డున పడితే నేను బయలుదేరతా” అంటుంది.

ఆ చేపలావిడే చెప్పిన మాట ఒకటి మీ పిల్లలకు చెప్పండి. అలలు పెద్దగా విరిగే చోటును చూసి మనం భయపడతాం. మధ్యలో ఒక పాయ నున్నగా, శాంతంగా కనపడితే అక్కడ దిగుతాం. “నున్నగున్నకాడే లాగేస్తాదమ్మా” అంది. అలలు ఒడ్డుకు తోసిన నీళ్ళన్నీ ఆ పాయలోంచే వెనక్కి పోతాయి. అందులో చిక్కుకుంటే ఒడ్డువైపు ఎదురీదకూడదు, అలసిపోతారు. ఒడ్డు వెంబడి పక్కకు ఈది ఆ పాయ దాటాక బయటికి రావాలి. గోస్తనీ నది కలిసే చోట అయితే అసలు దిగకూడదు. విహారానికి వచ్చి ప్రాణాలు పోగొట్టుకునే పిల్లల వార్తలు మనం చూస్తూనే ఉన్నాం.

ఒకరోజు డచ్చివాళ్ళ సమాధుల దొడ్డికి తీసుకెళ్ళింది. పదిహేడో శతాబ్దంలో వర్తకానికని వచ్చి, 1825లో ఇంగ్లీషువారికి అప్పగించేదాకా వాళ్ళు భీమిలిలో ఉన్నారు. ఊరు 1861లోనే మునిసిపాలిటీ అయిందంటే ఆ రేవు ఎంత ఘనమైనదో చూడండి. నాకు ఆ రాళ్ళమీది భాష రాదు, తేదీలు మాత్రం కూడుకున్నాను. నాలుగు డబ్బులు సంపాదించుకుని వెళ్ళిపోదామని వచ్చినవాళ్ళే అందరూ. అమ్మాయి అక్కడే గట్టుమీద కూర్చుని, నేను అడగకుండానే సంబంధం మాట ఎత్తింది.

“నేను పెళ్ళి వద్దనటం లేదమ్మా. ఆ అబ్బాయిని ఇక్కడికి రమ్మను. పెళ్ళిచూపులకు కాదు. ఒకసారి వచ్చి, నేనెలా ఉంటున్నానో చూసి వెళ్ళమను. అది చూసి వద్దనుకుంటే నాకేం కోపం లేదు.”

“ఏ గదిలో కూర్చోబెడతావు? కుర్చీ కూడా లేదు” అన్నాను. నోటికి వచ్చింది అదే. అది పడీ పడీ నవ్వింది. నాకు మాత్రం నవ్వు రాలేదు. ఆ మాట వాళ్ళ పెద్దవాళ్ళకు ఎలా చెప్పాలా అన్న బెంగ అప్పటికే మొదలైంది.

తొమ్మిదో రోజున ఒక్కదాన్నే తిరిగొచ్చాను. పరుపు అక్కడే ఉంది. ఏప్రిల్లో గది ఖాళీ చేసేటప్పుడు దాన్ని తను మోయలేదట, చేపలావిడకు ఇచ్చేస్తుందట. మా పత్తి, మంచి దూది. ఇవ్వనీ. బస్సెక్కేటప్పుడు ఇంటిగలావిడ, “మళ్ళీ ఎవరైనా ఆడపిల్ల సంచీ వేసుకుని ఇటు వస్తే నా పేరు చెప్పమ్మా” అన్నారు.

సంబంధంవాళ్ళకు ఫోను చేసి, అమ్మాయి చెప్పిన మాట చెప్పినట్టే చెప్పాను. అవతల పెద్దాయన కాసేపు మాట్లాడలేదు. ఆ తర్వాత, అబ్బాయిని అడిగి చెబుతామన్నారు. ఇంకా కబురు రాలేదు.

మా వెనక వాటా పోయిన దసరానుంచీ ఖాళీగానే ఉంది. గేటుకు కట్టిన అద్దె బోర్డుమీద ‘కుటుంబాలకు మాత్రమే’ అని ఉండేది. ఆ రెండు మాటలూ మొన్న తడిగుడ్డ పెట్టి తుడిచేశాను. మావారు ఇంతవరకూ చూసుకోలేదు. ఇప్పుడు రేడియోలో వింటారు కాబోలు.