ఇద్దరు కూతుళ్ళ ఊళ్ళలో చూసిన భోజనాలు

(సంఘ వార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

విదేశాల విశేషాలు చెప్పమనీ, పది నిమిషాల్లో ముగించమనీ కార్యదర్శిగారి ఉత్తర్వు. ఈఫిల్ టవరు, నయాగరా సంగతులు మీకు తెలిసినవే. నేను తిండి గురించి చెబుతాను. అందులోనూ అక్కడి ఆడవాళ్ళు తినే తీరు గురించి.

మా పెద్దమ్మాయి అమెరికాలో న్యూజెర్సీలోనూ, చిన్నమ్మాయి ఫ్రాన్సులో తులూజ్ నగరంలోనూ ఉంటున్నారు. 2018లో పెద్దదాని దగ్గర ఐదు నెలలు, 2019లో చిన్నదాని దగ్గర రెండున్నర నెలలు నేనూ మా ఆవిడా గడిపి వచ్చాం.

తులూజ్‌లో పక్కింటావిడ రిటైరయిన పంతులమ్మ. మేం శాకాహారులమని కనుక్కుని మరీ ఒక మధ్యాహ్నం భోజనానికి పిలిచింది. పన్నెండున్నరకు కూర్చున్నాం. మొదట లే పుయ్ ప్రాంతంలో పండే ఆకుపచ్చ పప్పు. మనలా మెదపరు, గింజలుగానే ఉడికించి, ఉల్లిపాయ, నూనె, వెనిగరు కలిపి చల్లగా పెట్టారు. ఆ పళ్ళాలు తీశాక మీగడలో కాల్చిన బంగాళాదుంపలు. తరువాత పచ్చి ఆకులు, ఆ తరువాత చీజు ముక్క, చివర ఆపిల్ పండ్లతో చేసిన తీపి. వెన్న, మీగడ, చీజు! మన డాక్టర్లు వద్దనేవన్నీ ఉన్నాయి. కాని ఏదీ గుప్పెడుకు మించి లేదు. లేచేసరికి రెండున్నర. ‘భోజనమా, పెళ్ళి తంతా?’ అని మా ఆవిడ నా చెవిలో అడిగింది. మళ్ళీ రాత్రి ఎనిమిదింటి దాకా ఆవిడ కాఫీ తప్ప ఏమీ ముట్టదట. నడిమధ్య చిరుతిండి బడి నుంచి వచ్చిన పిల్లలకే, అదీ సాయంత్రం నాలుగింటికే.

గుమాస్తాగా పనిచేసినవాణ్ణి కనుక నాకు మరీ నచ్చిన సంగతి ఒకటుంది. పనిచేసే గదిలో ఉద్యోగులను భోజనం చేయనివ్వరాదని ఫ్రాన్సు కార్మిక చట్టంలోనే నిబంధన ఉంది. కరోనా వచ్చాక 2021లో దానిని తాత్కాలికంగా సడలించవలసి వచ్చింది. ఫైళ్ళ మీద పచ్చడి మరకలు పడేలా ముప్పై ఏడేళ్ళు తిన్న మనకు అలాంటి జీవో ఎవరిచ్చారు చెప్పండి?

ఇక న్యూజెర్సీ. మా పెద్దమ్మాయి పొద్దున్న కారు నడుపుతూ తింటుంది, మధ్యాహ్నం కంప్యూటరు ముందు తింటుంది. తోటి ఉద్యోగినులూ అంతేనట. దాని స్నేహితురాలు, అమెరికా ఆవిడే, ఒక సాయంత్రం ఇంటికొచ్చింది. డబ్బా తిప్పి కేలరీల అంకెలు చదవనిదే ఏదీ తినలేదు. కేకు ముక్క తీసుకుంటూ మాత్రం ‘ఇవాళ తప్పు చేస్తున్నాను’ అని మూడుసార్లు అంది. తిన్నదానికి క్షమాపణ చెప్పుకునే మనిషిని అంతకుముందు నేను చూడలేదు.

ఇది ఒక్క ఆవిడ చాదస్తమేమో అనుకున్నాను. కాదట. పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలో పాల్ రోజిన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త, ఆయన సహచరులు 1999లో ప్రచురించిన పరిశీలనలో, చాక్లెట్ కేకు అనగానే అమెరికావారికి ఎక్కువగా తప్పు చేసిన భావన, ఫ్రెంచివారికి వేడుక గుర్తుకొచ్చాయి. 2003లో ఆయన బృందమే పారిస్, ఫిలడెల్ఫియా హోటళ్ళలో వడ్డించే పరిమాణాలు తూచింది. ఫిలడెల్ఫియాలో సగటున నూటికి 25 వంతులు ఎక్కువ. ఒకే మెక్‌డొనాల్డ్స్ తిండికి పారిస్‌లో సుమారు 22 నిమిషాలు కూర్చుంటే, ఫిలడెల్ఫియాలో 14 నిమిషాలే. తక్కువ తిండికి ఎక్కువసేపు! మన లెక్కల గుమాస్తా ఎవరైనా ఆడిట్ అభ్యంతరం రాసేవాడే.

అలాగని ఫ్రెంచి ఆడవాళ్ళను నెత్తిన పెట్టుకోనక్కరలేదు. వాళ్ళు లావెక్కరని మిరెయ్ గిలియానో అనే ఆవిడ 2004లో పుస్తకమే రాసింది కాని, అక్కడా పెద్దవాళ్ళలో నూటికి సుమారు 17 మంది స్థూలకాయులే. అమెరికా ఆడవాళ్ళలో నూటికి సుమారు 40 మంది, అదే తేడా. పైగా సన్నగా ఉండాలన్న ఒత్తిడి ఫ్రాన్సులో ఎక్కువేనని చిన్నమ్మాయి చెప్పింది. పంతులమ్మగారికి తీరిక, పెన్షను ఉన్నాయి. మా పెద్దదానికి గంటకు పైగా కారు ప్రయాణం, ఇద్దరు పిల్లలు ఉన్నారు. తిండి తీరులో సగం ఆ మనిషి చేతిలో లేనిదే.

మేం తిరిగి వచ్చిన ఏడాదే దానికి షుగరని తేలింది. నలభై రెండేళ్ళకు! ఫోనులో ‘కాస్త కూర్చుని తినమ్మా’ అన్నాను. అది కాసేపు మాట్లాడలేదు. తరువాత ‘అమ్మ కూర్చుని తినగా నువ్వెప్పుడైనా చూశావా నాన్నా?’ అంది.

చూడలేదు. అందరికీ వడ్డించి, మిగిలింది గిన్నెలో కలుపుకుని, పొయ్యి దగ్గర నిలబడి తినేది. తులూజ్‌లో ఆ పంతులమ్మ బల్ల దగ్గరే, నాకు గుర్తున్నంతలో, రెండు గంటలు లేవకుండా కూర్చుని తింది. అది పెళ్ళి తంతులా ఎందుకు అనిపించిందో నాకు అప్పుడు తట్టలేదు.

విస్తళ్ళు వేస్తున్న చప్పుడు వినిపిస్తోంది. ఈ పూట ఆడవాళ్ళందరినీ మొదటి బంతిలో కూర్చోబెట్టి, వడ్డన మనం చేద్దామని కార్యదర్శిగారికి మనవి చేసుకుంటూ సెలవు తీసుకుంటున్నాను.