పట్టా చేతికి రాకముందే



మన సభల్లో పాట గురించి, ఆట గురించి, వేషం గురించి మాట్లాడుకుంటాం. ఈ రోజు నేను ఉద్యోగం గురించి మాట్లాడతాను. పిల్లలకు ఇక్కడ బతుకుదెరువు దొరక్కపోతే వాళ్లతో పాటు మన పాట కూడా వలస పోతుంది.

డిగ్రీ అయ్యాక "మేడమ్, ఇప్పుడేం చేయాలి?" అని అడిగే పిల్లలు ప్రతి ఏడాదీ వస్తారు. ఆ ప్రశ్న బడిలోనే, ఏడో తరగతిలోనే రావాలి. ఎందుకో చెప్తాను.

మొదటిది కాగితాలు. 2018 రాష్ట్రపతి ఉత్తర్వుల ప్రకారం జిల్లా, జోనల్, మల్టీజోనల్ పోస్టుల్లో 95 శాతం స్థానికులకే. మనది జోగులాంబ జోన్. ఒకటి నుంచి ఏడో తరగతి వరకు ఎక్కువ కాలం ఎక్కడ చదివితే అక్కడ స్థానికులవుతారు. అమ్మానాన్నలు పనికి పుణె, ముంబై పోతూ పిల్లను వెంట తీసుకుపోతే ఆ ఏళ్లు లెక్కలోకి రావు. అందుకే పిల్లను హాస్టల్‌లో వదిలిపొమ్మని తండాకు పోయి చెప్పాలి. ఆధార్‌లో ఒక పేరు, పదో తరగతి మెమోలో ఇంకో పేరు లేకుండా బడే ముందుగా చూడాలి.

రెండోది దారి. చిన్న పిల్లలకు టీచర్ కావాలనుకునే అమ్మాయి ఇంటర్ కాగానే డీఈఈసెట్ రాయాలి. ప్రాథమిక తరగతులకు బీఈడీ చెల్లదని 2023 ఆగస్టులో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. డిగ్రీ, బీఈడీ రెండూ చేసి ఎస్జీటీ పోస్టుకు దరఖాస్తు పెట్టలేకపోతే ఎంత బాధ! అలాగే రైల్వేలో అసిస్టెంట్ లోకో పైలట్‌కు తగిన ట్రేడులో ఐటీఐ ఉంటే చాలు, ఉత్త బీఏతో కాదు. ఇవి పదో తరగతిలోనే తెలియాలి.

మూడోది పని చూపించడం. బీచుపల్లిలో పదో పోలీసు బెటాలియన్ ఉంది. జూరాల దగ్గర జలవిద్యుత్ కేంద్రం ఉంది. గద్వాలలో మగ్గాలున్నాయి. ఏడాదికి ఒకసారైనా పిల్లలను తీసుకుపోయి అక్కడివాళ్లతో మాట్లాడించాలి. సీడ్ పత్తి చేలల్లో క్రాసింగ్ కూలీ మన ఇళ్లకు కొత్త కాదు. పాలిసెట్ రాసి వ్యవసాయ డిప్లొమా చదివితే అదే విత్తన రంగంలో ఉద్యోగిగా నిలబడొచ్చని మాత్రం ఎవరూ చెప్పరు.

2022లో గిరిజన రిజర్వేషన్ 6 నుంచి 10 శాతానికి పెరిగింది. రిజర్వేషన్ పోస్టును పక్కన ఉంచుతుంది, పరీక్ష రాయాల్సింది మనమే. కోచింగ్‌కు డబ్బు లేదని ఆగకండి. టీ-సాట్ నిపుణ పాఠాలు ఉచితం.

చదువుకున్న తమ్ముళ్లారా, చెల్లెళ్లారా, మిమ్మల్ని చందా అడగను. నెలకు ఒక ఆదివారం మీ దగ్గరి హాస్టల్‌కు రండి. వార్డెన్‌తో మాట్లాడి పదో తరగతి పిల్లల ముందు కూర్చోండి. మీరు ఏం చదివారు, ఏ పరీక్ష రాశారు, ఎన్నిసార్లు తప్పారు, ఎలా నిలబడ్డారు, అన్నీ చెప్పండి. గోర్ బోలీలో చెప్పినా, ఎరుకల భాషలో చెప్పినా సరే. మన మాటలో విన్నది పిల్లలు మర్చిపోరు.