దీవులలో తెలుగు: లోకసంపర్కమును భాషల మనుగడయు

(అండమాన్ దీవులలోని గోల్ ఘర్‌లో చేసిన స్మారకోపన్యాసము)

ఏ ఉపాధ్యాయుని స్మృత్యర్థము ఈ ఉపన్యాసము ఏర్పడినదో ఆయన ఈ దీవులలో పుట్టిన పిల్లలచేత ఓనమాలు దిద్దించుటకే తన జీవితమును వెచ్చించినవాడు. అట్టివాని పేర మాటలాడుచు భాషను విడిచి వేరొకదానిని ఎత్తికొనుట నాకు ఉచితమని తోచలేదు.

భాషల గతిని లోకసంపర్కము ఎట్లు మార్చునో చూతము. ప్రపంచీకరణమను మాట 1991 తరువాతనే మన పత్రికలలో విరివిగ వ్యాపించినది. సరకులును ధనమును చలనచిత్రములును ఎల్లలు దాటి ప్రవహించుచుండగా జాతుల నడిమి భేదములు కరగిపోవునా నిలుచునా యని పండితులు నేటికిని వాదించుచున్నారు. కాని ఆ మాట పుట్టకముందే ఆ అనుభవమును కుడిచిన పట్టణము మనది. 1858 మార్చిలో ఆంగ్లప్రభుత్వము రెండువందల మంది ఖైదీలను ఈ తీరమున దింపినది మొదలుకొని, పంజాబువారు, వంగీయులు, మలబారు మాప్పిళ్లలు, 1925లో బర్మానుండి వచ్చిన కరెన్‌లు, ఇట్లు ఒకరి మాట ఒకరికి తెలియనివారు ఒకే నేలపై కాపురముండవలసి వచ్చెను. కులకట్టుబాట్లు సడలినవి, హిందూస్థానీ అందరికిని వాడుకమాట యయ్యెను. నాలుగు దిక్కులవారు ఎదురుపడు ఈ కూడలికే గోల్ ఘర్ అను హిందీ పేరు స్థిరపడగా, కూతవేటు దూరమునున్న అంగడి స్కాట్లండు పట్టణమగు అబర్డీన్ పేరును మోయుచున్నది. ఆ ఖైదీల యోడలలో తెలుగువారును వచ్చిరి. మన్యపు పోరాటములో అల్లూరి సీతారామరాజు అనుచరుడైన గాం మల్లుదొర ఇచ్చటికి ద్వీపాంతరవాసిగా పంపబడి, తిరిగి వెళ్లి, 1952లో విశాఖపట్టణమునుండి తొలి లోకసభకు ఎన్నికయ్యెను. కడలి దాటించి మరుగుపరుపదలచిన మన్యపు గొంతుకకు రాజధానిలో ఆసనము లభించినదని తలచినప్పుడెల్ల నాకు మనస్సు ఉప్పొంగును.

స్వాతంత్ర్యము వచ్చిన పిదప శ్రీకాకుళము, విశాఖ తీరములనుండి చేపలవేట కుటుంబములు పొట్టకూటికై ఇచ్చటికి తరలివచ్చినవి. 2011 జనాభా లెక్కలను బట్టి ఈ దీవులలో నూటికి పదుముగ్గురు తెలుగు మాతృభాషగా గలవారు. ఇది తక్కువ సంఖ్య కాదు. అయినను సంఖ్య భాషను కాపాడునా? జంగ్లీఘాట్ రేవున తెల్లవారుజామున నిలుచుండి చూచినవారికి దీని ఉత్తరము దొరకును. పడవలో నున్నంతసేపు చేప ‘వంజరము’. ఒడ్డున తట్టలోనికి దిగి బేరము మొదలు కాగానే అదే చేప ‘సుర్మాయి’. తండ్రి వల విసరునది తెలుగులో, అమ్మునది హిందీలో, కుమారుడు ఉద్యోగపు దరఖాస్తు వ్రాయునది ఇంగ్లీషులో. తెలుగునకు మిగిలినది నీటిమీది బ్రతుకు. ఆ కుమారుడు వేట మానిన నాడు, పడవతోపాటు ఆ మాటలును ఒడ్డెక్కి ఎండిపోవును. అతడు వేట మానుట తప్పని నేననను. సముద్రముపై ప్రాణములొడ్డిన ఏ తండ్రియైనను తన బిడ్డకు నీడపట్టు పని కోరుకొనును. బేరమునకు హిందీయు కొలువునకు ఇంగ్లీషును వచ్చుట బలమే. నాకు భయము కలిగించునది వేరొకటి: క్రొత్తమాట పాతమాట ప్రక్కన చేరక, దాని చోటును ఆక్రమించుట.

అట్లు ఆక్రమించినచో ఏమగునో చూపుటకు దూరదేశముల యుదాహరణము అక్కరలేదు. ఖైదీల వలస ఏర్పడినపుడు వేలసంఖ్యలో నుండిన ఈ దీవుల ఆదివాసులగు గ్రేట్ అండమానీయులు 1877 నాటి తట్టుతోను, వలసదారులతోపాటు వచ్చిన ఇతర వ్యాధులతోను క్షీణించి, 1961 జనాభా లెక్కలనాటికి పందొమ్మండుగురుగా మిగిలిరి. వారిలో బో భాషను ఎరిగిన కడపటి వ్యక్తి, బోవా సీనియర్ అను వృద్ధురాలు, 2010 జనవరి 26న కన్నుమూసెను. ఆమె మాటలను గ్రంథస్థము చేసిన భాషాశాస్త్రజ్ఞురాలు అన్వితా అబ్బి, బదులు పలుకువారు లేక ఆ తల్లి పక్షులతో తన భాషలో మాటలాడుచుండెడిదని తెలిపినది. తోడి మనుష్యులతో ఆమె ఎక్కువగ పలికినది హిందీ. దేశమంతయు గణతంత్రదినోత్సవము జరుపుకొనుచున్న నాడే ఆ భాష నిశ్శబ్దమైనది. ఈ దీవుల మరియొక ఆదివాసి జాతియగు జారవాల అడవిగుండ పోవు అండమాన్ ట్రంక్ రోడ్డును మూసివేయవలెనని 2002లో సుప్రీంకోర్టు ఆజ్ఞాపించినను అది నేటికిని నడుచుచున్నది. సంపర్కమును కోరుకొనని వారిని వారి మానాన విడిచిపెట్టుటయు నాగరికతయే యని నా దృఢవిశ్వాసము.

మన స్థితి వారి స్థితివంటిది కాదు. అట్లు పోల్చుట వారి దుఃఖమును తేలికపరచుటయే యగును. మనకు కోట్ల జనముగల మాతృభూమి యున్నది, విశాఖకు ఓడయున్నది, మద్రాసునుండి సముద్రగర్భమున వేసిన సమాచార తీగ 2020 ఆగస్టునుండి ఉన్నది. ఆ తీగ వెంట హిందీ పాట వచ్చినంత సులువుగ తెలుగు పాటయు వచ్చును. లోకసంపర్కము భేదములను చెరిపివేయునను మాట ఇందువలననే నాకు సగము సత్యముగ తోచును. మారిషస్‌కు చెరకుతోటల కూలీలుగా పోయిన తెలుగువారి మనుమలు ఇంట క్రియోలు మాటలాడుచున్నను, రామభజనమును విడువలేదు. 1946లో ఆంధ్రమహాసభను స్థాపించుకొని, బడిలో తెలుగును పాఠ్యవిషయముగ నిలుపుకొనిరి. 1990లో ప్రపంచ తెలుగు మహాసభలను తమ దీవికి పిలుచుకొనిరి. ఆకాశయానమును ప్రపంచవాణిజ్యమును పెరిగిన కాలముననే ఇది జరిగినది. తమకు తాము సంఘముగ కూడి నిశ్చయించుకొన్నవారికి లోకసంపర్కము సాధనమైనది. అట్టి నిశ్చయమునకు అవకాశమే లేకపోయిన గ్రేట్ అండమానీయులకు అది మృత్యువైనది.

మనకు ఆ అవకాశమున్నది గనుక ఒక్క విన్నపము చేసి సెలవు తీసికొందును. గాలులకును, పోటుపాటులకును, వలలకును, చేపలకును, పడవలోని ఒక్కొక్క చెక్కకును మీ తాతలు వాడు పేర్లు ఏ నిఘంటువులోనైన నుండునని నమ్మి ఊరకుండకుడు. ఈ వారమే ఒక నోటుపుస్తకము కొని, బడికి పోవు మీ పిల్లల చేతికిచ్చి, రేవున వల బాగుచేసికొనుచున్న వృద్ధుని ప్రక్కన కూర్చుండబెట్టుడు. అతడు చెప్పినది చెప్పినట్లు తెలుగులో వ్రాయించుడు.