కండ్లు మసకబారితే కూలి పోవాల్నా?

(ఉమ్మడి నల్లగొండ జిల్లాలో ఒక మాదిగవాడలో కూలీలు, సఫాయి కార్మికుల ముందు చేసిన ప్రసంగ పాఠం)



భూమి గురించి మాట్లాడుతడని మీలో చాలామంది వచ్చిన్రు. భూమి ముచ్చట ఉండనే ఉంటది. ఇయ్యాల నేను కండ్ల గురించి మాట్లాడుత.

ఇక్కడ షుగర్ ఉన్నోళ్లు చెయ్యి లేపమంటే పది పదిహేను చేతులు లేస్తయి. షుగర్ తోటి చూపు తగ్గినోళ్లు లేపమంటే ఒక్క చెయ్యి లేవదు. ఎందుకు లేవదో మనందరికీ ఎరుకే. ముందు వరుసల మేస్త్రీ కూసున్నడు. ఆ పక్కన పత్తి చేనుకు కూలోళ్లను పిలిచే అక్క కూసున్నది. చెయ్యి లేపినోళ్లకు రేపటి సంది పిలుపు రాదు. అందుకని మనవాళ్లు చూపు తగ్గిన సంగతి ఇంట్ల పెండ్లానికి కూడ చెప్పరు. తడుముకుంటనే పరంజా ఎక్కుతరు. చూపు తగ్గేది రోగం తోటి. దాచుకోవాల్సి వచ్చేది కూలి భయం తోటి. రోగానికి డాక్టర్ ఉన్నడు. ఆ భయానికి మందు ఈ సభలనే తయారు కావాలె. నేను వచ్చింది అందుకే.

మొదలు రోగం సంగతి. మన నల్లగొండల ఫ్లోరైడ్ మీద ఏండ్ల తరబడి కొట్లాడినం. పండ్లు పచ్చబడ్డయి, కాళ్లు వంగినయి, మనిషిని నిలబెట్టి చూపెడితే మంత్రి కూడ కాదనలేకపోయిండు. షుగర్ అట్ల కనబడే రోగం కాదు. అది కంటి వెనుక పొరల పని చేస్తది. అక్కడ వెంట్రుక కంటే సన్నటి రక్తనాళాలు ఉంటయి. ఏండ్లకేండ్లు రక్తంల చక్కెర ఎక్కువుంటే అవి దెబ్బతిని కారుతయి, ఉబ్బుతయి, కొన్ని మూసుకపోతయి. నొప్పి ఉండదు. ఎర్రబడదు. నీళ్లు కారవు. మొదట్ల చూపు కూడ తగ్గదు. తగ్గిందని మనకు తెలిసేసరికి లోపల చానా పని అయిపోతది. ఇది బలిసినోళ్ల రోగమని ఇప్పటికీ అనేటోళ్లు ఉన్నరు. 2023ల అచ్చైన ఐసీఎంఆర్ సర్వే దేశంల 10 కోట్ల మందికి పైగా షుగర్ ఉన్నదని లెక్క తేల్చింది. పది కోట్ల మంది దొరలు ఈ దేశంల ఉన్నరా?

పాలమూరుల ఇంకో లెక్క ఉన్నది. 1996 నుంచి 2000 దాక ఎల్.వి. ప్రసాద్ కంటి ఆసుపత్రి వాళ్లు ఉమ్మడి రాష్ట్రంల నాలుగు చోట్ల పదివేల మందికి పైగా కండ్లు పరీక్ష చేసిన్రు. ఆ నాలుగింట్ల మహబూబ్‌నగర్ జిల్లా ఒకటి. నూటికి దాదాపు ఇద్దరు గుడ్డివాళ్లని తేలింది. అందుల ఎక్కువమందిది మోతిబిందు, కాదంటే అద్దాలు లేక పోయిన చూపు. అంటే ఆపరేషన్ చేస్తేనో, అద్దాలు ఇస్తేనో వచ్చే చూపే. తర్వాత 2018లనూ 2023లనూ సర్కారు కంటి వెలుగు పెట్టింది, ఊరూరికి వచ్చి అద్దాలు ఇచ్చింది. మంచిదే, కాదనను. కానీ షుగర్ తోటి దెబ్బతిన్న పొరకు అద్దాలు పనిచేయవు. ఒక్కనాటి క్యాంపు తోటి తీరేది కాదు. షుగర్ ఉన్నోడు ఏడాదికి ఒక్కసారన్నా మందు చుక్కలు వేయించుకొని కంటి వెనుక పొర చూపించుకోవాలె. అవసరమైతే లేజర్ పెడతరు, కొందరికి కంట్లకు ఇంజెక్షన్లు ఇస్తరు. ఇవి ఉన్న చూపును నిలబెట్టడానికి. పోయిన చూపు కొంత వస్తే రావచ్చు, అంతా వస్తదని ఆశ పెట్టుకోవద్దు. ఇవన్ని షుగర్, బీపీ అదుపుల ఉంటెనే నిలుస్తయి.

నాకూ షుగర్ వచ్చి పన్నెండేండ్లు అయింది. ఎడమ కంటికి రెండుసార్లు లేజర్ పెట్టిన్రు. ఈ కాయితం మీద అక్షరాలు ఇంతింత పెద్దగ రాసిచ్చింది మా బిడ్డ. మామూలు అక్షరాలు నాకు ఆనవు. ఇది చెప్పడానికి నేను సిగ్గుపడను, మీరూ పడొద్దు.

ఎందుకంటే, మన బాబాసాహెబ్‌కు కూడ షుగరే. ఆయన విగ్రహం కాడ దండలేస్తం గాని, ఆ చేత పుస్తకం పట్టుకున్న మనిషికి చివరి ఏండ్లల్ల ఆ పుస్తకమే సరిగ్గ ఆనకపోయేదని ఎంతమందికి ఎరుక? 1954ల జూన్ నుంచి అక్టోబర్ దాక ఆయన మంచం పట్టిండు. ఒకదిక్కు మందుల బాధ, ఇంకోదిక్కు చూపు తగ్గుడు. అయినా బుద్ధుని మీద రాస్తున్న పుస్తకం వదల్లేదు. 1956 అక్టోబర్ 14న నాగపూర్‌ల లక్షల మందితో దీక్ష తీసుకున్నడు. డిసెంబర్ 5 రాత్రి కూడ ఆ పుస్తకం ముందుమాట కాయితాలు మంచం పక్కకు తెప్పించుకున్నడు. తెల్లారేసరికి లేడు. మరి అంత పని ఎట్ల నడిచింది? నానక్‌చంద్ రత్తు అనే పంజాబ్ పిలగాడు తన ఆఫీసు పని అయిపోయినాక వచ్చి టైపు చేసేటోడు. ఇంట్ల సవితా అంబేద్కర్, ఆమె డాక్టరే, మందూ తిండీ చూసేది. తన ప్రాణం నిలబెట్టి ఈ పుస్తకం పూర్తి చేయించింది ఆమె, డాక్టర్ మాల్వంకర్ అని ఆయనే రాసుకున్నడు. అంబేద్కర్‌కు చూపు తగ్గింది, ఇగ పనికిరాడు అని ఎవడన్నా అన్నడా? పక్కన ఇంకొకరి కండ్లు, ఇంకొకరి చేతులు నిలబడ్డయి, పని సాగింది. పరంజా మీది మన మనిషి పక్కన ఎవరు నిలబడాలె? ముఠానే నిలబడాలె.

ఇప్పుడు పని కాడికి పోదాం.

కలుపు తీసేకాడ చూపు తగ్గినోళ్లకు మొక్కకూ గడ్డికీ తేడా తెలువదు. మొక్క పీకితే ఆసామి నోటికొచ్చినట్టు తిడతడు. అదే మనిషి పత్తి ఏరగలదు. ఎండిన కాయ మీద తెల్లటి పత్తి కొట్టొచ్చినట్టు కనిపిస్తది. కానీ పత్తికి కిలోల లెక్కన కూలి, వేగం తగ్గితే పైసలు తగ్గుతయి. నడుమ సాలు వాళ్లకిచ్చి, అటో మనిషి ఇటో మనిషి నడిస్తే సగం కష్టం తగ్గుతది. నాట్ల కాడ తాడు పట్టి వేస్తే చూపు లేకున్నా వరుస తప్పదు. పురుగుమందు కలిపే పని మాత్రం వాళ్లకు ఇయ్యొద్దు. డబ్బా మీద చీమ తలకాయంత అక్షరాలుంటయి, కొలత తప్పితే ప్రాణం మీదికొస్తది. పత్తి కట్టె నరికిన చేన్ల ఒట్టికాళ్లతోటి నడవొద్దు. షుగర్ ఉన్నోనికి కాలు మొద్దుబారి ఉంటది, మోడు కండ్లకు ఆనదు, గుచ్చుకున్నా తెలువదు. ఆ పుండు తోటి కాలు తీసేయించుకున్నోళ్లు మన ఊర్లల్లనే ఉన్నరు.

కట్టుబడి పనిల: గుండు దారం తెల్లది తీసేసి నల్లదో ఎర్రదో కట్టుకోండ్రి, సున్నం గోడ ముందర కొట్టొచ్చినట్టు ఆనుతది. మెట్ల అంచుకు, గుంత అంచుకు సున్నం గీత గీయండ్రి. ఎండ ముఖానికి కొట్టకుండ వెనుకనుంచి పడేటట్టు నిలబడాలె, తలకు తువ్వాల ముందుకు లాగి కట్టుకోవాలె. చూపు తగ్గినోడు మాలు కలపొచ్చు, ఇటుక తడపొచ్చు, కింది వరుస కట్టొచ్చు. పరంజా మాత్రం వద్దు. సాగర్ డ్యామ్ సంది దేశంల ఎన్ని ప్రాజెక్టులు పాలమూరు లేబర్ చేతుల మీద లేచినయో మీకు ఎరుకే. అంత పని తెలిసిన మేస్త్రీకి సగం చూపున్నా సరే, ఆ చెయ్యికి తెలిసిన పని కొత్త పిలగానికి తెలువదు. ఆయనను కింద నిలబెట్టి పిలగాండ్లకు పని నేర్పిస్తే కూలి ఎందుకు కోయాలె?

ఆటో, ట్రాక్టర్ తోలేటోళ్లకు ఒక కఠినమైన మాట. చూపు తగ్గినంక రాత్రి తోలొద్దు. ఎదురు బండి లైటు పడితే ఏమీ ఆనదంటే పగలు కూడ డాక్టర్ సరేననే దాక తోలొద్దు. వెనుక కూసున్నది కూడ మన పిల్లలే. ఇందుల సంఘం ఎవరినీ వెనకేసుకు రావొద్దు. బండి దిగినోనికి వేరే పని చూపెట్టే బాధ్యత మాత్రం సంఘం మీద వేసుకోవాలె.

మరొకటి మరువద్దు. పొద్దుగాల గోలీ మింగి, అన్నం తినకుండ పనికి పోతున్నరు. పది గంటల కల్ల చెమటలు, వణుకు, కండ్లు బైర్లు. అది షుగర్ పడిపోవుడు. దవాఖానకు పోయేదాక ఆగొద్దు, వెంటనే చక్కెరో బెల్లమో నోట్ల వేసుకోవాలె. ముఠాల ఒకరి మూటల ఎప్పుడూ బెల్లం ముక్క ఉండాలె. షుగర్ ఎక్కువ తక్కువ అయినప్పుడు కూడ కొన్ని రోజులు చూపు మసకబారుతది. అప్పుడు ఉరికిపోయి అద్దాలు కొనొద్దు, పైసలు దండుగ. షుగర్ నిలకడైనంక చూపించుకోండ్రి. కండ్ల ముందు ఉన్నట్టుండి నల్ల చుక్కలు తేలినా, తెర పడ్డట్టయినా ఆ దినమే పెద్ద దవాఖానకు పోవాలె.

కూలి పైసలు చీకటిపడ్డంక ఇస్తరు. 20 నోటూ 200 నోటూ మసక చూపుకు ఒక్కతీరుగ పచ్చగ కనిపిస్తయి. అంచులు తడిమి చూడండ్రి. 500 నోటు అంచుకు ఐదు గీతలుంటయి, 200కు నాలుగు గీతల నడుమ రెండు చిన్న సున్నాలుంటయి, 100కు నాలుగు గీతలే. నోటు నలిగితే తెలువకపోవచ్చు. అందుకని వెలుగుల, పదిమంది ముందట లెక్కపెట్టి ఇయ్యమనాలె. మస్టర్ల ఏం రాసిన్రో బడిపిల్లతోటి చదివించుకున్నంకనే వేలిముద్ర వేయాలె.

ఇగ చట్టం. ఉద్యోగంల ఉండగ వైకల్యం వచ్చినోన్ని తీసేయొద్దని, హోదా తగ్గించొద్దని 1995 చట్టంల ఉన్నది, 2016 చట్టం 20వ సెక్షన్ల కూడ ఉన్నది. పాత పని చేయలేకపోతే అదే జీతం మీద వేరే పని ఇయ్యాలె. పని ఖాళీ లేకపోతే ఖాళీ వచ్చేదాక అదనపు పోస్టు పెట్టియ్యాలె. కాయితం మీద బాగున్నది. కానీ అది సర్కారు సంస్థల ఉద్యోగులకు. మన సఫాయి అక్కకు జీతమిచ్చేది ఏజెన్సీ. ఆమె ఎవరి ఉద్యోగి అని అడిగితే మున్సిపాలిటీ కాంట్రాక్టర్‌ను చూపెడతది, కాంట్రాక్టర్ మున్సిపాలిటీని చూపెడతడు. పంచాయతీలల్ల మల్టీపర్పస్ పేరు మీద మోరీ తీసే మనిషితోటే ట్రాక్టర్ తోలిస్తున్నరు, కరెంటు స్తంభం ఎక్కిస్తున్నరు. అందుల షుగర్ తోటి చూపు తగ్గినోళ్లు ఎంతమందో ఏ ఆఫీసుల లెక్క లేదు. ఎవరూ పరీక్ష చేయలేదు గనుక.

సర్టిఫికెట్ దగ్గర కూడ చిక్కే. 40 శాతం ఉంటేనే పింఛను. ఒక కన్ను పూర్తిగ పోయి, రెండోది బాగున్నదనుకో, లెక్క ప్రకారం 30 శాతమే. పింఛను రాదు, పని కూడ దొరకదు. ఉపాధి పనుల 2005 చట్టంల వికలాంగులకు తేలిక పని ఇయ్యాలని, నీళ్లు పోసే పని, పిల్లలను చూసే పని ఉండాలని ఉండె. ఆ చట్టం జాగల 2025 డిసెంబర్‌ల పార్లమెంటు వేరే చట్టం తెచ్చింది. పేరేదైనా తేలిక పని మనం అడగాల్సిందే.

చట్టం కంటే ముందు మన సంఘాలు ఏం చేయగలవో ఒక ఉదాహరణ చెప్త. మన ఆర్టీసీల ఒక డ్రైవర్‌కు రంగుల తేడా ఆనడం లేదని 2016ల ఇంటికి పంపిన్రు. అది షుగర్ తోటి వచ్చింది కాదు, రంగుల లోపం, కానీ కథ ఒక్కటే. ఆయన కోర్టుల కొట్లాడిండు. 2025 ఆగస్టుల సుప్రీంకోర్టు, వేరే పని ఉన్నదా అని చూడకుండనే పంపుడు చెల్లదని, ఆయనకు అదే జీతం మీద తగిన పని ఇయ్యమని చెప్పింది. దేన్ని పట్టుకొని? 1979ల యూనియన్లు యాజమాన్యం తోటి రాయించుకున్న ఒప్పందంల ఒక క్లాజును పట్టుకొని. రంగులు ఆనని డ్రైవర్‌కు వేరే పని ఇయ్యాలని అందుల ఉన్నది. ఆనాడు ఆ ముక్క రాయించినోళ్లకు ఈ డ్రైవర్ పుడతడని కూడ ఎరుక ఉండకపోవచ్చు. 46 ఏండ్ల తర్వాత అది ఒకని బువ్వ నిలబెట్టింది.

కాబట్టి మనం కూడ రాయించుకుందాం. మేస్త్రీ తోటి, ఏజెన్సీ తోటి, పంచాయతీ తోటి. చూపు తగ్గినోన్ని తీసేయొద్దు, పని మార్చాలె, కూలి తగ్గొద్దు. ఏజెన్సీ కార్మికులు ఈఎస్ఐ పైసలు కడుతున్నరో లేదో నంబర్ తీసి చూపెట్టమనండ్రి. ఈఎస్ఐ స్కీముకు మొదటి రూపం ఇచ్చిన అదార్కర్ రిపోర్టు 1944ల వచ్చింది, అప్పుడు లేబర్ మంత్రి పని చూసింది బాబాసాహెబే. అది మనకు భిక్షం కాదు.

ముప్పై దాటినోళ్లందరికీ షుగర్, బీపీ చూడాల్సిన పని ఏఎన్ఎందీ, ఆశాదీ. వాళ్లతోటి తగువు పెట్టుకోవద్దు, వాళ్లదీ చాలీచాలని జీతమే, పిలిచి కూసోబెట్టి చేయించుకుందాం. షుగర్ ఉన్నోళ్ల లిస్టు రాయాలె. కంటి పరీక్షకు హైదరాబాద్‌ల మెహిదీపట్నం సరోజినీదేవి దవాఖాన ఉన్నది. పాలమూరు దిక్కున్నోళ్లకు నాగర్‌కర్నూల్ దగ్గర తూడుకుర్తిల ఎల్.వి. ప్రసాద్ వాళ్ల శాఖ ఉన్నది. చుక్కలు వేసినంక కొన్ని గంటలు ఏమీ ఆనదు, ఒక్కరే రాలేరు. తోడుపోయినోళ్లకూ ఆ దినం కూలి పోతది. రెండు కూళ్లు పోతయనే మనవాళ్లు దవాఖాన ముఖం చూడరు. అందుకని నేనొకటి అడుగుత: ముఠాకింత అని పైసలు జమచేసి, ఐదారుగురు ఒక్క తోడు మనిషితోటి, ఒక్క ఆటోల పోయేటట్టు ఏర్పాటు చేసుకుందాం. తోడుపోయినోళ్ల కూలి ఆ జమలకెల్లి ఇద్దాం. లిస్టు రాసే పుస్తకం మా చెల్లె చేతిల ఉన్నది, సభ అయిపోయినంక ఆ వేపచెట్టు కింద కూసుంటది. మేస్త్రీలు కూడ వచ్చి, లిస్టుల పేరున్న మనిషిని పని నుంచి తీసెయ్యమని ముందుగాల ఒక సంతకం పెట్టిపోవాలె. వాళ్ల సంతకాలు పడ్డంకనే మిగిలినోళ్ల పేర్లు రాద్దాం.