పాత పెంకుటింటి చూరు మరమ్మతు



మృగశిర కార్తె దగ్గరపడగానే మన పల్లెలలో పెంకులు సర్దు పని మొదలగును. పనివాడు నిచ్చెన వేసికొని పైకెక్కును; పగిలిన పెంకులు తీసి క్రొత్తవి పెట్టి రెండు మూడు గంటలలో దిగిపోవును. చూరు వంగిన ఇంట ఈ పద్ధతి పనికిరాదు. చూరు వంగుట పెంకుల లోపము కాదు. వానిని మోయుచున్న కఱ్ఱ బలహీనపడెనని అర్థము. అట్టి కఱ్ఱపై కాలు మోపుట ప్రాణాపాయము.

బరువు ఎంతయో చూతము. మంగుళూరు పెంకు ఒక్కొక్కటి రెండు మొదలు మూడు కిలోల వరకు తూగును. చదరపు మీటరునకు సుమారు 15 పట్టును. పది అడుగుల పొడవున, నాలుగు అడుగుల వెడల్పున కప్పు జారినచో దానిపై 55 పెంకులుండును. అనగా 110 మొదలు 165 కిలోలు. వాసములు, పెండెబద్దలు, వాననీరు దీనికి అదనము. ఆ చూరు క్రింది అరుగుపైననే పిల్లలు ఆడుకొందురు, వృద్ధులు పండుకొందురు. కావున చూరు వంగినట్లు కనబడిననాడే అచ్చటి మంచము తీసివేయుడు. మరమ్మతునకు తీరిక దొరకువరకు ఆగవలదు.

పిమ్మట కారణము వెదకవలెను. పగిలిన పెంకు నుండి కారిన నీరు వాసము వెంట జారి కొనయందు నిలుచును. వాసము గోడపై ఆనుచోట మట్టి కప్పియుండుటచే తడి ఆరదు; చెదలు అచ్చటనే చేరును. పైకి గట్టిగా కనబడు కఱ్ఱ లోపల డొల్లయై యుండవచ్చును. మేకుతో పొడిచి చూడుడు; సులువుగా దిగినచో ఆ భాగము పోయినట్లే. కొందరు దానిపై క్రొత్త పలక కొట్టి రంగు వేయుదురు. ఇది చూపరుల కొఱకే గాని ఇంటి కొఱకు కాదు. కొన్ని ఇండ్లలో వాసములు బాగుగనే యుండి వసారా స్తంభము అడుగు క్రుంగియుండును. అప్పుడు చేయవలసిన పని నేలయందే గాని కప్పుపైన కాదు.

ఇక ఊత. ఒక్క పెంకునైనను కదలింపక మునుపే ఊతలు నిలుపవలెను. మెత్తని నేలపై గాని, అరుగు అంచున గాని మోపరాదు. గట్టి నేలపై వెడల్పయిన పలక వేసి దానిపై నిలుపుడు. వాసములన్నిటి క్రింద అడ్డముగా ఒక దుంగ నుంచి, దానికి మూడు గుంజలు పెట్టినచో బరువు సమముగా పంచుకొనును. తరువాత పెంకులను పైవరుస నుండి దింపవలెను. పనివాడు పరంజాపై నిలువవలెను, వాసములపై కాదు. కరెంటు తీగ చూరునకు కట్టియున్నచో లైనుమనిషిచే సరఫరా నిలిపించి, తీగ విప్పించిన పిమ్మటనే పని ప్రారంభింపవలెను. ఈ ఒక్క పని మేస్త్రీలకు వదలవలదు.

చూరును ఒక్కమారుగా ఎత్తరాదు. ఏండ్ల తరబడి వంగిన కఱ్ఱను బలిమిని లేపినచో విరుగును, గోడయు బీటవారును. ఏటవాలుగా చెక్కిన రెండు చెక్కలను గుంజ అడుగున ఎదురెదురుగా దూర్చి, దినమునకు కొంచెముగా లేపవలెను. ఆపై చివికిన కొన కోసి, గట్టి కఱ్ఱ ప్రక్కన క్రొత్త వాసపు ముక్క చేర్చి బోల్టులు బిగించవలెను. ఈ ముక్క గోడ వెలుపల ఎంత పొడవుండునో, లోపల దానికి రెండింతలుండవలెను. లేనిచో ముందుకు ఒరుగును. కోసిన కొనలకు చెదల మందు పూయుడు.

తీరప్రాంతమువారికి ఒక మాట. 1977 నవంబరులో దివిసీమను ముంచిన తుపాను వంటిది వచ్చినపుడు గాలి చూరు క్రిందుగా దూరి కప్పును లేపును. అందుచే చూరు గోడకు ఒకటిన్నర అడుగు మించి సాగకుండుట మేలు. వాసములను ఇనుప పట్టీలతో గోడకు బంధింపవలెను.

పెంకులు తిరిగి పరచిన వెంటనే ఊతలు తీయవలదు. మొదటి వాన కురిసిననాడు లోపలివైపున నిచ్చెన వేసికొని వాసముల కొనలను చేతితో తడిమి చూడుడు. తడి తగిలినచో ఏ పెంకు క్రింద కారుచున్నదో కనుగొని సరిచేసి, మరియొక వాన చూచిన పిమ్మట ఊతలు తీయుడు.