దిగమింగుకున్న మాట

చర్ల, దుమ్ముగూడెం వైపు మిర్చి కల్లం దగ్గర కాపలా పడుకున్న రైతును చూశారా? తెల్లవార్లూ బీడీ వెలుగుతూనే ఉంటుంది. నిద్ర పట్టడం లేదనడు, అప్పు భయమనీ అనడు. "మగాడివి, ఏడుస్తావేంట్రా" అని చిన్నప్పుడే నోరు నొక్కేశాం కదా! 2021లో దేశంలో ఆత్మహత్య చేసుకున్న 1,64,033 మందిలో 1,18,979 మంది మగవాళ్లే. ఎంత గుండెకోత!

వారాల తరబడి నిద్ర లేకపోవడం, అయినదానికీ కానిదానికీ విసుక్కోవడం, తాగుడు పెరగడం... ఇవీ మానసిక కుంగుబాటు లక్షణాలు కావచ్చు. దీనికి వైద్యం ఉంది. జ్వరమొస్తే ఆసుపత్రికి వెళ్లినట్టే వెళ్లండి. అడవి దాటి రాలేకపోతే టెలిమానస్ అనే ఫోన్ సేవ ఉంది, 2022లో మొదలైంది. నంబరు 14416. ఉచితం, రాత్రయినా పగలైనా తెలుగులోనే మాట్లాడొచ్చు. సిగ్నల్ అందే గట్టెక్కి ఈ రాత్రే ఫోన్ చేయండి.